మిగులు ఎవరిది?

ఇంజిన్ ఒకటే. 1248 సీసీ, నాలుగు సిలిండర్లు, డీజిల్. ఫియట్ రూపొందించిన ఈ మల్టీజెట్ పాత మారుతి స్విఫ్ట్‌లో 75 హార్స్‌పవర్ ఇచ్చేది. ఎర్టిగాలో వేరే రకం టర్బో తగిలించాక 90 ఇచ్చింది. ఫియట్ పుంటో, టాటా ఇండికా విస్టా, మారుతి డిజైర్ అన్నీ దీని మీదే నడిచాయి. అందుకే మోటారు పత్రికలు దీన్ని మన దేశపు ‘జాతీయ ఇంజిన్’ అన్నాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. అయినా తెలుగు జిల్లాల్లో ఆ పాత స్విఫ్ట్‌లు, డిజైర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని సెకండ్ హ్యాండ్‌లో కొన్న కుర్రవాళ్లు ట్యూనింగ్ షాపుకు వెళ్లి అడిగేది ఒక్కటే: పికప్ పెరగాలి, ఇంజిన్ విప్పకూడదు.

75కీ 90కీ మధ్య ఉన్న ఆ 15 గుర్రాలు మొదటి నుంచీ లోపల ఉన్నట్టా, లేనట్టా? ఇలాంటి ప్రశ్న మీదే, కార్యం పుట్టకముందే కారణంలో ఉంటుందా అని, సాంఖ్యులు, నైయాయికులు అనే ప్రాచీన దార్శనికులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. నువ్వుల్లో నూనె ముందే ఉంది, గానుగ దాన్ని బయటికి తెస్తుంది అన్నది సాంఖ్యుల సత్కార్యవాదం. కుండ మట్టిలో లేదు, కుమ్మరి చేసినప్పుడే కొత్తగా పుట్టింది అన్నది న్యాయ వైశేషికుల మాట. సాంఖ్యకారిక తొమ్మిదో కారికలో ఈశ్వరకృష్ణుడు తన పక్షానికి ఐదు హేతువులు చూపాడు. వాటిలో నాలుగోది ప్రతి ట్యూనరూ మనసులో పెట్టుకోవలసింది. ఎంత సమర్థమైన కారణమైనా తనకు శక్యమైన కార్యాన్నే పుట్టిస్తుంది, అడిగినదాన్నల్లా పుట్టించదు.

శక్యమైనది ఎంతో తెలియాలంటే లోపల జరిగేది చూడాలి. యాక్సిలరేటర్ తొక్కితే ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ తన పట్టికలు తిరగేస్తుంది. ఎంత టార్క్ అడిగారు, టర్బో ఎంత గాలి తెచ్చింది, ఆ గాలికి పొగ రాకుండా ఎంత డీజిల్ పోయవచ్చు, ఏ క్షణంలో పోయాలి. రీమ్యాప్ అంటే ఆ పట్టికల్లోని అంకెలు మార్చడమే. కొత్త భాగం ఏదీ రాదు. లోపల ఉన్న అవే పిస్టన్లు, అవే కనెక్టింగ్ రాడ్లు, అదే హెడ్ గాస్కెట్ కొత్త భారం మోయాలి.

ఆ భారం చిన్నది కాదు. ఈ ఇంజిన్ బోర్ 69.6 మిల్లీమీటర్లు, అంటే పిస్టన్ తల వైశాల్యం దాదాపు 38 చదరపు సెంటీమీటర్లు. సిలిండర్‌లో గరిష్ఠ ఒత్తిడి 150 బార్ అనుకుంటే ఆ తల మీద పడే బలం 5.8 టన్నుల బరువుకు సమానం. 170 బార్‌కు పెంచితే 6.6 టన్నులు. 4000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో పిస్టన్ ఈ దెబ్బను సెకనుకు 33 సార్లు తింటుంది.

ఇక్కడే అసలు చిక్కు. డీజిల్‌ను కాస్త ముందుగా చిమ్మితే సిలిండర్ ఒత్తిడి ఎగబాకుతుంది. రాడ్లకూ హెడ్ గాస్కెట్‌కూ ముప్పు. కాస్త ఆలస్యంగా చిమ్మితే మంట ఎగ్జాస్ట్‌లోకి సాగుతుంది. అప్పుడు పిస్టన్ తలకూ టర్బోకూ ముప్పు. టర్బోకు ముందు ఎగ్జాస్ట్ వేడి ఎక్కువసేపు 750 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని జాగ్రత్తపరులైన ట్యూనర్లు గీత గీసుకుంటారు. ఒక ప్రమాదం నుంచి తప్పుకుందామంటే రెండోది ఎదురొస్తుంది. ఇలాంటి చిక్కు గురించే పాళీ వాఙ్మయంలోని అంగుత్తర నికాయలో సోణుడి కథ ఉంది. చంపా నగరపు ధనికుల బిడ్డ సోణుడు పాదాలు నెత్తురోడేదాకా నడుస్తూ సాధన చేసి, ఫలితం కనబడక ఇంటికి తిరిగి పోదామనుకున్నాడు. అతడు ఇంట్లో ఉండగా వీణ బాగా వాయించేవాడని బుద్ధుడికి తెలుసు. తీగలు మరీ బిగిస్తే వీణ పలికేదా, మరీ వదులైతే పలికేదా అని అడిగాడు. రెండింటికీ సోణుడు కాదనే జవాబు చెప్పాడు. ఈ కథను బద్ధకస్తులకు ఊరటగా చెప్పడం పొరపాటు. మధ్యమం అంటే సగం ప్రయత్నం కాదు. రెండు వైపులా ప్రమాదం ఎక్కడ మొదలవుతుందో కొలిచి తెలుసుకున్నవాడికే మధ్య దొరుకుతుంది. ఎగ్జాస్ట్ వేడి కొలిచే మీటరు పెట్టకుండా అంకెలు మార్చేవాడికి ఆ మధ్య ఎప్పటికీ తెలియదు.

కొలిస్తే ఏం దొరుకుతుందో చూడండి. ఏ మార్పూ చేయని స్విఫ్ట్ గరిష్ఠ టార్క్ 190 న్యూటన్ మీటర్లు, 2000 ఆర్‌పీఎం దగ్గర. గరిష్ఠ పవర్ 75 హార్స్‌పవర్ 4000 దగ్గర. లెక్క కడితే ఆ 4000 దగ్గర మిగిలిన టార్క్ 132 మాత్రమే. మామూలు ట్యూనింగ్ బాక్సు 2000 దగ్గరున్న శిఖరాన్నే ఇంకా ఎత్తు చేస్తుంది. తొక్కగానే సీటుకు వీపు అతుక్కుంటుంది, కుర్రవాడు సంతోషిస్తాడు. కానీ ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పెద్ద ఒత్తిడి మోయడమే రాడ్లకు అన్నిటికన్నా కష్టం. మంచి ట్యూనర్ ఆ శిఖరం జోలికి పోడు. దాని అవతల జారిపోతున్న టార్క్‌ను పట్టి నిలుపుతాడు. 3500 దగ్గర 170 న్యూటన్ మీటర్లు నిలిస్తే దాదాపు 85 హార్స్‌పవర్ అవుతుంది, 190 అనే కంపెనీ గీత దాటకుండానే. అక్కడ కూడా చిన్న టర్బో తేగల గాలే హద్దు. ఎర్టిగాలో 90 రావడానికి టర్బో మార్చవలసి వచ్చింది మరి. సాంఖ్యుల నాలుగో హేతువు చెప్పేది అదే.

ఇంత జాగ్రత్త ఎందుకు, రీమ్యాప్ చేసిన బళ్లు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి కదా అంటారు. తిరుగుతాయి. 19వ శతాబ్దంలో ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ ఇంజినీరు, మోయగలిగిన బరువు కిందే రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరీక్షించాడు. ఒక్కసారికి ఏమీ చేయని భారం లక్షల సార్లు పడితే విరుస్తుందని తేల్చాడు. ఉక్కుకు ఒక హద్దు ఉంది, దాని కింద ఎన్నిసార్లు మోసినా దాదాపు అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. పిస్టన్లు అల్యూమినియం మిశ్రమంవి. ప్రతి దెబ్బా లెక్కలో చేరుతుంది, చేరినట్టు పైకి కనబడదు. కర్మ గురించి పెద్దలు చెప్పే మాటల్లో నమ్మడానికి కష్టమైనది ఫలం ఆలస్యంగా వస్తుందన్నదే. లోహం విషయంలో దాన్ని ప్రయోగశాలలో కొలిచి చూపించారు.

చాలా బళ్లలో ముందుగా లొంగేది క్లచ్. అది జారడం ఒక హెచ్చరిక. చాలామంది వెంటనే గట్టి క్లచ్ వేయిస్తారు. దాంతో హెచ్చరిక పోతుంది, భారం గేర్‌బాక్సు మీదికి, రాడ్ల మీదికి చేరుతుంది.

కంపెనీ వాడకుండా వదిలిన మిగులు వృథాగా పడి ఉందని అనుకోవడంలోనే అసలు తప్పుంది. ఆ మిగులు మే నెలలో రెంటచింతల ఎండ కోసం. ఏడుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కే రోజు కోసం. కల్తీ డీజిల్ పోసిన బంకు కోసం, రేడియేటర్‌లో నీళ్లు తగ్గిన సంగతి ఎవరూ చూడని ప్రయాణం కోసం. రెండు లక్షల కిలోమీటర్ల తర్వాత ఆ బండి కొనుక్కుని ట్యాక్సీగా తిప్పుకునే మనిషి కోసం. ఇంజిన్ గీసినవాడు వీళ్లెవరినీ చూడలేదు. అయినా వీళ్లందరి వాటా పక్కన పెట్టాడు. అది ధర్మబుద్ధి. మిగులులో కొంత నిజంగానే యజమానిది, దాన్ని నేర్పుగా తీసుకోవడంలో పాపం లేదు, అందులో విద్య ఉంది. మొత్తం తనదే అనుకోవడం మాత్రం ఇతరుల సొమ్ము ఖర్చు పెట్టడం.

ఆ ఇతరుల్లో వెనక బైకు మీద వచ్చేవాడూ ఉన్నాడు. కిలో డీజిల్ కాలడానికి లెక్క ప్రకారం 14.5 కిలోల గాలి చాలు. నిజమైన సిలిండర్‌లో కలయిక సమంగా ఉండదు కాబట్టి 18 కిలోల కన్నా తగ్గేసరికి నల్లపొగ మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పొగ కక్కే రీమ్యాప్‌ను ఏ వాదంతోనూ సమర్థించలేం. చట్టమూ ఊరుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతి లేని మార్పులను నిషేధిస్తుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

ఇప్పటికే రీమ్యాప్ చేయించుకున్నవారు ఒక పని చేయాలి. బండి అమ్మే ముందు పాత కంపెనీ ఫైలు మళ్లీ వేయించండి. బండి ఎన్ని కిలోమీటర్లు రీమ్యాప్ మీద తిరిగిందో కాగితం మీద రాసి, కొనేవారి చేతికి ఇవ్వండి. ధర కొంత తగ్గవచ్చు. అయినా ఇవ్వండి.