నీడను పట్టేవాడు

ఫొటోలు తీసే మనిషికి హిందీ ఛాయాకారుడని పేరు పెట్టింది. తెలుగు ఛాయాగ్రాహకుడని పేరు పెట్టింది. ఒక భాష అతనిని నీడను కల్పించేవానిగా చూచింది, రెండవ భాష నీడను పట్టుకొనేవానిగా చూచింది. రామాయణం తెలిసినవారికి ఈ రెండవ మాట ఒక పాత కథను గుర్తుకు తేక మానదు. హనుమంతుడు సముద్రాన్ని లంఘిస్తున్నప్పుడు నీటి మీద పడిన అతని నీడను పట్టి లాగిన సింహిక ఛాయాగ్రాహి. ఆమె అతని దేహాన్ని తాకలేదు. నీడ చిక్కితే చాలును. మింట పోతున్నవాడు కదలలేక ఆగిపోయినాడు. కల్పించటం ఒక కళ. పట్టుకోవటం వేరొక పని, దానికి పట్టుబడినవాని అంగీకారం అవసరమా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. సముద్రతీరపు పట్టణంలో దుస్తులకూ ఆభరణాలకూ విలాసజీవనానికీ బొమ్మలు తీసి బ్రతికే ఛాయాగ్రాహకుని విషయంలో ఈ రెండు మాటలూ నిజమే. అందువల్లనే అతని వృత్తిలోని ధర్మాధర్మాలు తేల్చటం సులభం కాదు.

పుదుచ్చేరి ఇట్టి పనికే పుట్టిన ఊరా అన్నట్లుంటుంది. యానాం మూలంగా తెలుగువారికి ఆ ఊరితో చిరకాలపు చుట్టరికం ఉన్నది. 1954 నవంబరులో పాలన చేతులు మారింది. 1962లో ఆ మార్పు చట్టరీత్యా పూర్తి అయినది. 2006లో పేరు కూడ మారింది. కాని కాలువకు తూర్పున ఫ్రెంచివారి పేట గోడలు మాత్రం ఆ పసుపు రంగులోనే ఉన్నవి. గళ్లగుడ్డ పరచినట్లు నిలువుగా అడ్డంగా సాగే వీధులు, గోడ మీదుగా బయటకు ఒరిగిన కాగితప్పూల తీగలు, ఆ వీధుల చివర సముద్రం. ఇన్ని రంగులు అడగకుండ దొరికే చోటికి వస్త్రవ్యాపారులు కెమెరాలను పంపటంలో వింత లేదు.

అక్కడ పని తెల్లవారకముందే మొదలవుతుంది. తూర్పుతీరంలో సూర్యుడు సముద్రంలో నుండి లేస్తాడు గనుక కడలివైపు తిరిగిన ముఖం మీద మెత్తని వెలుగు పడేది ఉదయాననే. సాయంకాలం సూర్యుడు ఇండ్ల వెనుకకు పోయి తీరమంతా ముందే నీడ అవుతుంది. కనుక చీకటి ఉండగానే చీరల మడతలను ఆవిరి ఇస్త్రీతో తీయాలి, ముఖాలకు రంగులు దిద్దాలి, వెలుగును తిప్పికొట్టే తెల్లని పలకను గాలికి ఎగిరిపోకుండ ఒక కుర్రవాడు పట్టుకొని నిలబడాలి. ఉప్పుగాలికి కటకం మీద నిమిషనిమిషానికీ పొర కడుతుంది. దుస్తులు ఆ యువతి కొలతకు కుట్టినవి కావు. అందుచేత వీపు వెనుక వాటిని క్లిప్పులతో బిగించి కడతారు. ముందు నుండి చూస్తే శిల్పం, వెనుక నుండి చూస్తే తోరణంవలె క్లిప్పుల వరుస. పత్రికలు నెలల ముందే సిద్ధం కావాలి గనుక మే నెల ఎండలో ఉన్ని కోటు, డిసెంబరు చలిగాలిలో పలుచని నూలు తొడగవలసి వస్తుంది. ఆ యువతి చేసేది నిలబడటమే గదా అని తేలికగా అనేవారు, కాలుతున్న రాళ్ల మీద ఒట్టి కాళ్లతో గంటసేపు, చెమట కనబడకుండ, నిలబడి చూడవలెను.

క్లిప్పులు అబద్ధమా? కాదనే చెప్పాలి. చిత్రకళకు ఆరు అంగాలు చెప్పిన మన పూర్వులు సాదృశ్యాన్ని ఒక అంగంగా, లావణ్యయోజనాన్ని మరొక అంగంగా లెక్కించారు. సాదృశ్యం కెమెరా ఊరకే ఇస్తుంది. లావణ్యాన్ని కూర్చటమే ఛాయాగ్రాహకుని కష్టం, ఆ కష్టానికే అతనికి కూలి. వేషం కట్టిన నటుని మోసగాడని ఎవరూ అనరు. చూచేవానికి అది వేషమని తెలుసు. అయితే ఒక చోట మాత్రం ఈ సమాధానం నిలువదు. తెలుగులో ఛాయ అంటే నీడయే కాదు, ఒంటిరంగు కూడ. చామనచాయ అన్నప్పటి చాయ అదే. బొమ్మ తీసిన తరువాత యంత్రం మీద కూర్చొని ఆ చామనచాయను రెండు మెట్లు తెలుపు చేయటం లావణ్యయోజనం కాదు. దక్షిణదేశపు ఎండలో పుట్టి పెరిగిన పిల్లకు ఆమె చర్మమే ఒక లోపమని ఆ చేయి చెబుతున్నది. క్లిప్పు దుస్తును సరిచేస్తుంది, మనిషిని కాదు.

అసలు చిక్కు ఆమె వెనుక ఉన్నది. పుదుచ్చేరి విహారవీథికి ఉత్తరాన వైత్తికుప్పం వంటి జాలరిపేటలు పట్టణంలో కలిసే ఉన్నవి. అక్కడ తెల్లవారుజామున వలలు విప్పుతారు, చేపలు ఏరుతారు, ఆడవారు గంపలకెత్తుతారు. 85 మిల్లీమీటర్ల కటకాన్ని పూర్తిగా తెరచి ముందున్న యువతి మీద నిలిపితే వెనుక ఉన్నదంతా కరిగి రంగుల మసక అవుతుంది. వల నీలపు మరక. గంప ఎత్తిన స్త్రీ ఎర్రని మరక. ఇది వృత్తిలో నేర్పుగా ఎంచబడేదే, దానిని తప్పుపట్టి లాభం లేదు. కాని ఒక మనిషి రోజంతటిలోకీ బరువైన పని చేస్తున్న క్షణం ఇంకొకరి చీర అంచుకు తగిన రంగుగా మారిపోయినదని ఒప్పుకొనటం మాత్రం అవసరం.

మరకగా మార్చటంతో కూడ పని ముగియదు. ఎన్నిక ఒకటి ఉన్నది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత కోరమండల తీరమంతటా సహాయసంస్థలు ఫైబరు పడవలు విరివిగా ఇచ్చినవి. పాత కట్టుమరాలు అరుదైపోయినవి. జాలరికి ఫైబరు పడవ తేలిక, వేగం. కాని ఛాయాగ్రాహకుని కంటికి అది ప్లాస్టిక్కు తొట్టి. అందుచేత అతడు పేట అంతా వెదకి, ఇసుకలో పుచ్చిపోతున్న నాలుగు దుంగల కట్టుమరాన్ని కనుగొని దాని ప్రక్క యువతిని నిలుపుతాడు. చూచేవారికి జాలరి జీవనం సనాతనమైనదిగా, మార్పులేనిదిగా, పేదదైనా అందమైనదిగా అగుపిస్తుంది. ఆ జాలరి మాత్రం పడవకు బిగించిన యంత్రానికి డీజిలు ధర గురించి ఆలోచిస్తూ ఉంటాడు.

ఇసుక కథ ఇంతకంటె విచిత్రం. 1980ల చివర ఊరికి దక్షిణాన రేవు కోసం సముద్రంలోకి అడ్డుగోడలు కట్టినారు. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుండి ఉత్తరానికి నడుస్తుంది. గోడలు ఆ నడకను ఆపినవి. కొన్నేండ్లకే పట్టణపు ఇసుకతీరం మాయమై, దాని స్థానంలో అలలను కాచే నల్లని బండల కట్ట మిగిలింది. బండలు వేసిన మేర పట్టణం నిలిచింది. కోత ఉత్తరానికి జరిగి, తమిళనాడులోని బొమ్మయార్‌పాళయం వంటి ఊళ్లలో ఇండ్లను మింగింది. 2018 ప్రాంతంలో పట్టణానికెదురుగా నీటిలో ఉక్కు దిబ్బను ముంచిన తరువాత కొంత ఇసుక తిరిగి వచ్చింది. నడుమనున్న సుమారు మూడు దశాబ్దాలు పుదుచ్చేరి సాగరతీరమంటూ అచ్చు కావలసిన బొమ్మలకు పట్టణంలో తీరమే లేదు. కెమెరా చట్రాన్ని కొంచెం పైకెత్తితే బండలు తప్పిపోతవి. లేదా నాలుగు మైళ్లు పోతే ఇసుక దొరుకుతుంది. అక్కడనే సగం కూలిన ఇల్లు కూడ దొరుకుతుంది: ఉప్పు తిన్న ఇటుకలు, లోపలి నీలిరంగు సున్నం బయటపడిన గోడ, తలుపులేని ద్వారంలో నుండి సముద్రం. ఏ కళాదర్శకుడు కల్పించలేని నేపథ్యం అది.

కూలిన గోడ ముందు పట్టుబట్టల యువతిని నిలుపవచ్చునా? 1941లో సెసిల్ బీటన్ లండనులో ఇట్టి బొమ్మయే తీసినాడు. జర్మను బాంబులకు కూలిన టెంపుల్ కట్టడాల ముందు చక్కగా కుట్టిన సూటు ధరించిన స్త్రీ వెనుదిరిగి నిలబడి, ఆ శిథిలాలను చూస్తున్నది. అది కూడ వోగ్ పత్రిక కోసం తీసిన దుస్తుల బొమ్మయే. అయినా నేటికీ దానిని చూచినవారికి ఏవగింపు కలగదు. ఆ రాత్రుళ్లలో ఆ బాంబు ఆమె ఇంటి మీద కూడ పడగలిగేది. ఆ స్త్రీ, ఆ ఛాయాగ్రాహకుడు, పత్రిక చదివే ఇల్లాలు ఒకే ఆకాశం క్రింద ఉన్నవారు. బొమ్మయార్‌పాళయపు గోడ ముందు నిలిచే యువతి మధ్యాహ్నానికి హోటలు చేరుకుంటుంది. ముందున్నవారికీ వెనుకనున్నదానికీ ఉమ్మడి కష్టం ఉన్నదా అని అడిగితే చాలా బొమ్మల బండారం బయటపడుతుంది. ఈ కొలత అన్నింటికీ సరిపోతుందని చెప్పలేము. కాని అందంగా ఉన్నది గదా అనే ఒక్క సమాధానంకంటె ఇది మేలు.

భారతదేశంలో ఈ ప్రశ్న బహిరంగంగా చర్చకు వచ్చినది 2008లో. ఆ ఆగస్టు సంచికలో వోగ్ పత్రిక భారతీయ ముద్రణ, విదేశీ విలాసవస్తువులను పేదవారి చేతులకిచ్చి తీసిన బొమ్మల వరుసను ప్రచురించింది. పై పళ్లు లేని ఒక ముసలమ్మ ఎత్తుకొన్న బిడ్డ మెడలో దాదాపు 100 డాలర్ల ఫెండి గుడ్డ. చెప్పులు లేని ఒక మనిషి చేతిలో దాదాపు 200 డాలర్ల బర్బరీ గొడుగు. క్రింద వస్తువుల పేర్లు ఉన్నవి, మనుషుల పేర్లు లేవు. నిరసన చెలరేగినప్పుడు సంపాదకురాలు ఇచ్చిన సమాధానం, సొగసు ఇప్పుడు ధనికుల సొత్తు మాత్రమే కాదని, ఎవరైనా దానిని ధరించగలరని. ఈ వాదంలో కొంత బలం ఉన్నది. పేదవాడు ఎల్లప్పుడూ దైన్యంగానే కనబడాలనటం కూడ ఒక విధమైన అహంకారమే. ఆ బొమ్మల్లో మనుషులు నవ్వుతున్నారు, కెమెరాకు ఎదురుగా నిలిచినారు. కాని గొడుగుకు పేరుండి, గొడుగు పట్టిన చేతికి పేరు లేకపోవటాన్ని ఈ వాదం తాకదు. పేరు అడగటానికి డబ్బు ఖర్చు కాదు, ఎండ పోదు. అడగాలని తోచకపోవటమే అక్కడి దోషం.

అదే పుదుచ్చేరిలో అడగటానికి సంబంధించిన మరొక ఉదాహరణ ఉన్నది. దాదాపు 30 ఏండ్లుగా శ్రీ అరవిందుల ఫొటో తీయటానికి ఎవరికీ అనుమతి లేదు. 1950 ఏప్రిలులో ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియె బ్రెసాఁ వచ్చి, అనుమతి కోరి, పొంది, తీసినాడు. ఆ డిసెంబరు 5న అరవిందులు గతించారు. వీధిలో మనిషి తెలియకుండగానే అతని క్షణాన్ని అందుకోవటంలో లోకప్రసిద్ధుడైన బ్రెసాఁ కూడ ఆ గుమ్మం ముందు ఆగి అడిగినాడు, ఎందుకంటే అడగకుండ లోపలికి పోవటానికి వీలు లేదు. వైత్తికుప్పంలో గంప ఎత్తే స్త్రీకి గుమ్మం లేదు. ఆమె పని ఆరుబయట. గుమ్మం ఉన్నవాని నీడకు అనుమతి కావాలి, గుమ్మం లేనివారి నీడ అందరిదీ అన్న నియమాన్ని ఏ శాస్త్రమూ వ్రాయలేదు, ఆచారం మాత్రం వ్రాసింది.

చట్టం దీనికి పెద్దగా అడ్డురాదు. 1957 నాటి కాపీరైటు చట్టం బొమ్మ ఎవరి సొత్తో వివరంగా చెబుతుంది: తీసినవానిది, డబ్బిచ్చి తీయించినవాడుంటే సాధారణంగా తీయించినవానిది, ఆ హక్కు తీసినవాని మరణం తరువాత 60 ఏండ్లు నిలుస్తుంది. బొమ్మలో ఉన్న మనిషికి ఆ సొత్తులో పాలు లేదు. వృత్తిలో ఒప్పుదల పత్రమన్నది ఒకటి ఉన్నది. ముందు నిలిచే యువతి దాని మీద సంతకం చేస్తుంది, మసకలో ఉన్నవారి వద్దకు ఆ కాగితం పోదు.

ఛాయాగ్రాహకుని వైపు నుండి చెప్పవలసినదీ ఉన్నది. అతడు ఉద్యోగి కాడు. పిలుపు వస్తే కూలి, రాకుంటే లేదు. ఏ నేపథ్యం కావాలో వ్యాపారి ముందే నమూనా బొమ్మలు అంటించి పంపుతాడు. ఇతడు కూలిన ఇల్లు వద్దంటే మరునాడు వేరొకడు వచ్చి తీస్తాడు. ఇల్లు నిలబడదు, ఇతని ఇంటి అద్దె మాత్రం నిలిచిపోతుంది. ఈ మాటను కొట్టిపారవేసేవారు తమ జీతం నెల మొదట తప్పక అందేవారై ఉండాలి. అయితే అతని చేతిలో లేనిదెంత, ఉన్నదెంత అని వేరుచేసి చూస్తే, ఉన్నది స్వల్పమేమీ కాదు. ఎక్కడ నిలబడాలో అతనిదే ఎంపిక. కటకం ఎంత తెరవాలో అతనిదే. పడవవానిని, అన్నా, కాసేపు ఇక్కడ నిలువవచ్చునా అని అడగటం, కాదంటే ప్రక్కకు జరగటం, అవునంటే ఆ ఉదయపు కూలిని వెల లెక్కలో ఒక పద్దుగా వ్రాయటం, ఇవన్నీ అతనివే. కాదనగలిగిన మనిషి ముఖం బొమ్మలో వేరుగా ఉంటుంది. ఇది నీతివాక్యం కాదు, కంటికి కనబడే విషయం: అడిగి తీసిన ముఖం కెమెరాను చూస్తుంది, అడగక తీసిన ముఖం కెమెరా నుండి తప్పించుకుంటుంది.

దుస్తుల బొమ్మలకంటె జీవనశైలి బొమ్మలు ఒక అడుగు ముందుకు పోయినవి. అక్కడ అమ్మేది చీర కాదు, ఒక ఉదయాన్నే అమ్ముతారు: పేము కుర్చీ, కాఫీ కప్పు, కిటికీ చువ్వల నీడ. కప్పు కడిగినవారు లేని ఉదయం అది. ఇట్టి బొమ్మల గురించి ఇంతకంటె చెప్పటానికి ఏమీ లేదు. వాటిలో మనుషులు తక్కువ గనుక అపచారం కూడ తక్కువ.

నేపథ్యం అంటే ఏమిటో కాళిదాసుకు తెలుసు. శాకుంతలం ఆరవ అంకంలో దుష్యంతుడు తాను త్రోసివేసిన శకుంతలను చిత్రించి, బొమ్మ ఇంకా పూర్తి కాలేదంటాడు. ఇంకా వ్రాయవలసినవి చెబుతాడు: ఇసుకతిన్నెల మీద హంసల జంటలున్న మాలినీ నది, లేళ్లు పడుకొన్న హిమాలయపు చరియలు, కొమ్మలకు నారచీరలు ఆరవేసిన చెట్టు, దాని క్రింద కృష్ణసారపు కొమ్ముకు ఎడమకన్ను రాచుకుంటున్న ఆడలేడి. ఇవి శకుంతల వెనుక అందానికి పెట్టిన వస్తువులు కావు. ఆమె పెరిగిన చోటు, ఆమెకు గల నమ్మకం. వాడి కొమ్ముకు కన్ను అప్పగించగల నమ్మకం. అది తాను వమ్ముచేసినదేనని తెలిసినవాడు గనుకనే రాజు ఆ లేడిని మరువలేదు. అతనికి అది పశ్చాత్తాపం నేర్పిన చూపు. ఛాయాగ్రాహకుడు చేయవలసిన పశ్చాత్తాపం ఏమీ లేకపోవచ్చు, కాని ఆరవేసిన నారచీర ఎవరిదో తెలుసుకొని తీసే బొమ్మకూ, రంగు బాగున్నదని తీసే బొమ్మకూ తేడా అక్కడనే ఉన్నది.

ఒక మార్పును ఇంకా ఎవరూ సరిగా లెక్కలోకి తీసుకోలేదు. 1950లలో విదేశీ పత్రికలకు మన దేశంలో తీసిన బొమ్మల వెనుక నిలిచిన మావటివాడు, గాజులమ్మే స్త్రీ ఆ పత్రికను జన్మలో చూడలేదు. నేడు వైత్తికుప్పంలో వల బాగుచేసేవాని జేబులో కూడ ఫోను ఉన్నది. ఉదయం తీసిన బొమ్మ సాయంకాలానికి అతని చేతిలోనే వెలుగుతుంది. పట్టణపు చదువరి యువతినీ చీరనూ చూచే బొమ్మలో అతడు చూచేది వేరు: మసకలో ఉన్నా ఆ పడవ రంగును బట్టి ఎవరిదో చెబుతాడు, గంప ఎత్తిన ఎర్రని మరక తన వదినెయని గుర్తుపడతాడు, ఇంటికి పోయి ఆమెకు చూపుతాడు. మరునాడు తెల్లవారుజామున అదే ఛాయాగ్రాహకుడు అదే ఇసుక మీదికి రావలసి ఉన్నది, ఆమె కూడ గంపతో అక్కడనే ఉంటుంది.