నక్షత్రముల లెక్క

వాక్యభాగము: కీర్తనలు 147:1-6



ఈ కీర్తనలో రెండు వచనములు ప్రక్కప్రక్కన ఉన్నవి. మూడవ వచనములో దేవుడు గుండె చెదరినవారి గాయములకు కట్టు కట్టుచున్నాడు. నాలుగవ వచనములో ఆయనే నక్షత్రములను లెక్కించి ఒక్కొక్కదానిని పేరుతో పిలుచుచున్నాడు. మనమైతే వీటిని వేరుచేసి చదువుదుము. ఓదార్పు కావలసినప్పుడు మూడవది, సృష్టిని గూర్చి పిల్లలకు చెప్పునప్పుడు నాలుగవది. కీర్తనకారుడు మాత్రము వాటి నడుమ గీత గీయలేదు.

నక్షత్రములను లెక్కించుట యెంత కష్టమో మన హైదరాబాదు చెప్పగలదు. 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటలో నుండెడిది. 1887లో పారిసు పట్టణమున శాస్త్రజ్ఞులు కూడి, ఆకాశమంతటిని ఛాయాచిత్రములు తీయ నిశ్చయించి, అన్నదమ్ములు పొలము పంచుకొన్నట్లు దానిని పట్టెలు పట్టెలుగా పంచుకొనిరి. ఆఫ్రికా దక్షిణపు కొననున్న కేప్ వేధశాలకు ఒక పట్టె వచ్చెను. తరువాత హైదరాబాదునకును ఒక పట్టె వచ్చెను. ఇక్కడివారు గాజు పలకలపై చిత్రములు తీసి, చుక్కచుక్కను కొలిచి, ఏడు లక్షలకు మించిన నక్షత్రములను పుస్తకములకెక్కించిరి. దానికి మూడు దశాబ్దములకు పైగా పట్టెను. 2013లో ఐరోపావారు పంపిన గయా అను యంత్రము 180 కోట్ల చుక్కలను లెక్కించినది. అయినను లెక్క ముగియలేదు. మనుష్యులు వాటిలో అనేకమునకు పెట్టినవి అంకెలే, పేర్లు కావు.

యోబు గ్రంథములోని కృత్తికను మన పల్లెలలో పిల్లలకోడి యందురు. దక్షిణాఫ్రికాలోని జూలూ, ఖోసా ప్రజలు దానిని ఇసిలిమెల, అనగా నేల త్రవ్వు కాలపు చుక్కలు, అని పిలుతురు. జూన్ మాసమున తెల్లవారుజామున అది తూర్పున కనబడగానే పొలము పని తలపునకు వచ్చును. మనకును కార్తెలున్నవి గదా! మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతమున వచ్చును. అప్పుడు సూర్యుడు ఆ చుక్కల యొద్దనే యుండుటచేత రాత్రివేళ అవి మనకు కనబడవు. కనబడని చుక్క పేరు చెప్పుకొని మన రైతు విత్తనము చల్లుచున్నాడు. ఈ సంగతి నాకు మిక్కిలి యిష్టము.

అయితే విత్తినదంతయు పండదు. మన సిద్దిపేట పల్లెలలో బోరుపై బోరు వేసి, నీరు పడక, అప్పు మిగిలిన యిండ్లు మీకు తెలియనివి కావు. 2018కి ముందు, కరెంటు రాత్రివేళ వచ్చుచుండిన దినములలో, మోటారు నొద్ద ఒంటరిగా కూర్చుండి ఆకాశము చూచినవారు మీలో అనేకులున్నారు. గుండె చెదరినవానికి ఆ ఆకాశము అందముగా కనబడదు. అది మిక్కిలి పెద్దదిగాను, తాను మిక్కిలి చిన్నవాడుగాను తోచును. ఎనిమిదవ కీర్తన వ్రాసినవానికిని అట్లే తోచెను. అతడు ఆ ప్రశ్నను మింగుకొనక దేవునినే అడిగెను. అట్లడుగుట పాపము కాదు.

అబ్రాహాము గుడారము వెలుపల నిలిచి చుక్కలు చూచిన రాత్రి అతని యిల్లు బిడ్డలు లేనిదే. దేవుడు ఆ రాత్రి బిడ్డను ఇయ్యలేదు, మాట ఇచ్చెను. ఇస్సాకు పుట్టుటకు ఇంకను ఏండ్లు పట్టెను. కాబట్టి మీ అప్పు రేపే తీరునని నేను చెప్పజాలను. వాక్యము అట్లు చెప్పుట లేదు. షావుకారు చిట్టాలో మీ పేరు ప్రక్కన బాకీ యున్నది. దేవుడు మీ పేరు పిలుచునది బాకీ కొరకు కాదు, కట్టు కట్టుట కొరకే.

బ్రదుకు చాలునను తలంపు వచ్చిన రాత్రి ఒంటరిగా పొలమునకు పోకుడి. మీ అన్నను లేపుడి, సంఘపెద్ద తలుపు తట్టుడి, నా తలుపు తట్టుడి. ఏ జామైనను సరే. పెద్దలారా, బోరు ఎండిన యింటికి వారు పిలువకముందే మీరు పోవుడి. అక్కడ ఉపదేశము చేయ నక్కరలేదు, కూర్చుండిన చాలును.

మే మాసము నడుమ, రాత్రి తొమ్మిది గంటలప్పుడు, మన దక్షిణపు దిక్కున తాటిచెట్ల తలల మీద నాలుగు చుక్కలు సిలువవలె నిలుచును. కేప్ ప్రాంతమువారికి అది ఆకాశమున చాల ఎత్తున కనబడును. మనకు నేలకు దగ్గరగా నుండును. ఆ నెల కుటుంబ ప్రార్థన ఊరి దీపములు దాటి ఆరుబయట పెట్టుకొందము. చాపలు తెచ్చుకొనుడి. ఈ యేడు పంట పోయినవారిని వెంటబెట్టుకొని రండి.