మునిగింది

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. పోయిన దసరా సెలవుల్లో దాన్ని ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసురా చూపించడానికి తీసుకెళ్లాను. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరిన ఆ జలాంతర్గామి 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఇసుకలో నిలబడి ఉంది. లోపల ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. ఆ ఇరుకు పడకలు, పైపులు, చక్రాలు చూసి పిల్లలు కేరింతలు కొడుతున్నారు. బయటికొచ్చాక దగ్గరలోనే ఉన్న విజయ స్మారకం చూపించి, 1971లో మన ఊరి దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిందని చెప్పాను. అది ఐస్‌క్రీం తింటూ అడిగింది: "మరి దాన్లో ఉన్న అంకుల్స్ బయటికొచ్చేశారా అమ్మా?"

నేను జవాబు చెప్పలేదు. "ఎండగా ఉంది, పద" అన్నాను.

ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. 2023లో ఒక ప్రదర్శన కోసం బోర్డుల మీది ఇంగ్లీషు వాక్యాల్ని తెలుగులోకి రాసిపెట్టమని నన్ను అడిగారు. ఎవరు అడిగారన్నది ఇక్కడ అనవసరం. పీహెచ్‌డీ చేసి, గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటున్న నాకు ఆ డబ్బు అవసరమే. ఘాజీ గురించిన బోర్డులో అది ఎలా వచ్చింది, ఎందుకు వచ్చింది, ఎలా నాశనమైంది అన్నీ ఉన్నాయి. లోపల ఎందరున్నారో లేదు. తెలుగు పాఠం చివర నేనొక వాక్యం చేర్చాను: "అందులో ఉన్న 93 మంది మరణించారు." విశేషణం లేదు, విలాపం లేదు. రెండు వారాల తర్వాత వచ్చిన ప్రూఫులో ఆ వాక్యం లేదు. ఫోన్ చేస్తే, "మేడమ్, ఇది విజయగాథ కదా, శత్రువుల మీద సానుభూతి ఎందుకు?" అన్నారు చాలా మర్యాదగా. నేను వాదించలేదు. సంతకం చేశాను, చెక్కు తీసుకున్నాను. ఈ వ్యాసం ఆ చెక్కు గురించి కూడా.

1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక జరిగిన ఆ పేలుడు మా నాయనమ్మ విన్నది. ఊరంతా దీపాలార్పేసి ఉందట. కిటికీ రెక్కలు గడగడలాడితే, పిల్లల్ని మంచాల కిందకి తోసి తను గుమ్మానికి అడ్డంగా కూచుందట. అంతకు ముప్పై ఏళ్ల కిందట, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు ఊరొదిలి పారిపోయినవాళ్ల కథలు విని పెరిగిన మనిషి ఆవిడ. మళ్లీ బాంబులే అనుకుందట. తెల్లారాక జాలర్లు తెచ్చిన శకలాలతో కబురు బయటపడింది. ఐఎన్ఎస్ విక్రాంత్‌ను వేటాడడానికి వచ్చిన ఘాజీ మునిగిపోయింది. విక్రాంత్ అప్పటికి ఇక్కడ లేదు, అండమాన్ వైపు ఉంది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే ఘాజీ మునిగిందని మన నౌకాదళం అంటుంది. తాను పరుస్తున్న మందుపాతర వల్లో, లోపలి పేలుడు వల్లో మునిగిందని పాకిస్తాన్ కథనం.

"హమ్మయ్య అనుకున్నానే" అని నాయనమ్మ చెప్పేది. కాసేపాగి, "పాపం, ఎవరి పిల్లలో" అనేది. ఈ రెండు మాటల మధ్య ఆవిడకి ఏ వైరుధ్యమూ కనబడలేదు. మనకెందుకు కనబడుతోంది?

మన వ్యాకరణం ఇక్కడ నాకొక సంగతి చూపించింది. "ఘాజీ మునిగింది" అన్నప్పుడు ఆ క్రియలో మనుషులు లేరు. ఓడ ఒక్కటే మునిగింది. "మునిగారు", "మరణించారు" అంటే తప్ప వాళ్లు మనుషులుగా వాక్యంలోకి రారు. చిన్నయసూరి లెక్కలో పురుషుడు మహత్తు. స్త్రీ ఏకవచనంలో వస్తువు పక్కన చేరుతుంది. ఆమె వచ్చింది, బల్ల విరిగింది, ఓడ మునిగింది. బహువచనంలోకి వెళితేనే మనం "వచ్చారు" అనిపించుకుంటాం. పైన మా అమ్మాయిని నేను కూడా "అది" అనే రాశాను. ప్రేమగానే. ఏకవచనంలో వస్తువుల సరసన బతకడం అలవాటైన మనకి, వస్తువుల్లో మనుషుల్ని కలిపేసే వాక్యం వినబడగానే పట్టుబడాలి కదా అనిపిస్తుంది. నేను మాత్రం సంతకం పెట్టేశాను.

ఇంగ్లీషు నావికులు ఓడని "ఆమె" అంటారు. ఆ ఆమెకి మెట్టినింట్లో పేరు మారుతుంది కూడా. ఘాజీ 1945లో డయాబ్లో అన్న పేరుతో అమెరికా నౌకాదళంలో చేరి, 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. మన విరాట్ బ్రిటన్‌లో హెర్మిస్. 2016 ఫిబ్రవరిలో విశాఖలో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగినప్పుడు ఆ విరాట్‌ను నేను చూశాను. మన రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఇక్కడే మ్యూజియం చేస్తానంది. 2017లో అది విరమించింది, మ్యూజియం మాత్రం కాలేదు. 38.54 కోట్లకు అమ్ముడుపోయి 2020లో గుజరాత్‌లోని అలంగ్‌కి ముక్కలవడానికి వెళ్లింది. ఉక్కు నగరంలో ఉన్నవాళ్లకి తెలుసు, తుక్కు కరిగితే ఏ ఇంటి స్లాబులో చువ్వ అవుతుందో ఎవరూ చెప్పలేరు.

ఆ ఓడ పూర్వజన్మ వెతుకుతూ నేను ఫాక్లాండ్ యుద్ధం దాకా వెళ్లాను. అర్జెంటీనా మాల్వినాస్ అనే ఆ దీవులు దక్షిణ అట్లాంటిక్ చివర ఉన్నాయి. అప్పటికి అక్కడ రెండు వేల మంది కూడా లేరు. చెట్లు లేని నేల, బురద, గాలి, గొర్రెలు. 1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా సైనిక పాలకులు వాటిని ఆక్రమించుకుంటే, బ్రిటన్ పంపిన నౌకాదళానికి హెర్మిస్ పతాక నౌక అయింది. జూన్ 14తో ముగిసిన ఆ యుద్ధంలో 649 మంది అర్జెంటీనా వాళ్లు, 255 మంది బ్రిటిష్ వాళ్లు చనిపోయారు. అర్జెంటీనా మృతుల్లో 323 మంది ఒక్క బెల్‌గ్రానో అన్న ఓడలోనే పోయారు. అదీ పేరు మార్చుకున్నదే. ఫీనిక్స్‌గా 1941లో పెర్ల్ హార్బర్ దాడి నుంచి బయటపడ్డ ఓడ.

దీవుల పౌరుల్లో చనిపోయింది ముగ్గురే. ముగ్గురూ స్త్రీలు. స్టాన్లీ పట్నంలో ఒక ఇంట్లో తలదాచుకుని ఉండగా, తమని విడిపించడానికి వచ్చిన బ్రిటిష్ ఓడ పేల్చిన గుండు ఆ ఇంటి మీద పడింది. విజయగాథలో వాళ్లని ఎక్కడ పెట్టాలి? శత్రువు చంపలేదు, కాబట్టి బలిదానం అనడం కుదరదు. చంపింది మనవాళ్లే, కాబట్టి ఆ మాట గట్టిగా అనడమూ కుదరదు. నా 93 మందిలాగే వాళ్లు కూడా వాక్యం చివర ఇబ్బంది పెట్టే మనుషులు.

అయితే ఇక్కడ నన్ను నేను ఒక ప్రశ్న అడుగుకోవాలి. అన్ని మరణాలనూ ఒకే గాటన కట్టి, యుద్ధాలన్నీ ఒకటే అనేస్తున్నానా? లేదు. 1971లో తూర్పు బెంగాల్ స్త్రీల మీద పాకిస్తాన్ సైన్యం జరిపిన అత్యాచారాలు చదివినదాన్ని, ఆ యుద్ధం జరగకుండా ఉండాల్సిందని అనలేను. ఘాజీ విహారానికి రాలేదు. విక్రాంత్ దానికి దొరికి ఉంటే అందులో ఎన్ని వందల మంది పోయేవారో. అదే డిసెంబర్ 9న మన ఖుక్రీ మునిగినప్పుడు 194 మంది పోయారు. ఎవరిది న్యాయం అనేది ఒక ప్రశ్న. ఎవరు చనిపోయారనేది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు తెలిసినంత మాత్రాన రెండోదాన్ని చెరిపేసే హక్కు వస్తుందా అన్నదే నా బాధ. సానుభూతి వద్దంటే సరే, లెక్క కూడా వద్దా? చనిపోయారన్న నిజాన్ని చెప్పడమే సానుభూతిగా వినబడుతోందంటే, మనం విజయాన్ని ఎంత పెళుసుగా కట్టుకున్నట్టు!

అర్జెంటీనా సైనికుల సమాధులు చాలావాటి మీద దశాబ్దాల పాటు పేర్లుండేవి కావు, దేవుడికి మాత్రమే తెలిసిన సైనికుడు అని ఉండేది. 2017లో రెడ్‌క్రాస్ ఆ సమాధులు తెరిచి, తల్లుల, తోబుట్టువుల డీఎన్ఏతో పోల్చి, ఆ ఏడాది చివరికి 88 మందికి పేర్లిచ్చింది. తర్వాత ఇంకొందరికి. దీనికి ఒకప్పుడు యుద్ధం చేసిన రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. దీవుల మీద హక్కు ఎవరిదన్న తగాదా మాత్రం అలాగే ఉంది. అంటే తగాదా తీరకుండానే చనిపోయినవాళ్లకి పేర్లు ఇవ్వొచ్చు. నాకు కావాల్సిన జవాబు ఆ చలి నేలలో దొరికింది.

రెండోది ఇక్కడే దొరికింది. 2024లో మన నౌకాదళం లోతు నీటి రక్షణ వాహనంతో విశాఖ తీరానికి దగ్గరలోనే ఘాజీ శిథిలాన్ని గుర్తించింది. లోపల చనిపోయినవాళ్ల మీద గౌరవంతో దాన్ని ముట్టుకోకుండా వదిలేసిందని వార్త. ఆ వార్త చదివి నేను సిగ్గుపడ్డాను. యుద్ధం చేసిన దళం అది సమాధి అని ఒప్పుకుంటోంది. యుద్ధం చేయని మేము, బోర్డు రాయించినవాళ్లూ రాసిన నేనూ, ఒప్పుకోలేదు.

మా నాన్న నావల్ డాక్‌యార్డులో వెల్డర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. నా చదువంతా ఆ జీతంతోనే. అందుకే ఈ విషయం ఆయన దగ్గర ఎత్తడానికి భయపడ్డాను. "మన కూడు అక్కడిదే కదా" అంటాడనుకున్నాను. అన్నాడు కూడా. తర్వాత చాలాసేపు ఊరుకుని, "ఓడ అడుగున ట్యాంకులో దిగి వెల్డింగ్ చేసినోడికి తెలుస్తాది తల్లీ, గాలి ఆడకపోతే ఎలాగుంటాదో. ఒకపాలి ఫ్యాను ఆగిపోనాది. అయిదు నిమిషాలే. ఆళ్లెంతసేపు ఉన్నారో లోపల... రాయాల్సిందే నువ్వు" అన్నాడు.

ఆ మర్నాడు ఉత్తరం రాశాను, ఆ వాక్యం మళ్లీ చేర్చమని, లేదా తెలుగు పాఠం కింద నా పేరు తీసేయమని. ఇంతవరకూ జవాబు లేదు. చెక్కు ఎప్పుడో ఖర్చయిపోయింది, ఆ మాట దాచను.

మా అమ్మాయికి మాత్రం జవాబు చెప్పాను. రాత్రి పడుకోబోతూంటే, "ఆ రోజు అడిగావు కదా, వాళ్లు బయటికి రాలేదమ్మా. 93 మంది. ఇంకా అక్కడే ఉన్నారు" అన్నాను. తను కాసేపు ఆలోచించి, "వాళ్లమ్మలకి ఎవరు చెప్పారు?" అంది.