ఆజ్ఞ ఒకరిది, చేయి ఇంకొకరిది: కమ్మ ఎవరిది?

యుద్ధంలో చనిపోయినవాడికి వీరస్వర్గం వస్తుందని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం. బుద్ధుని కాలంలోనూ ఈ మాట ఉండేది. యుద్ధమే బతుకుతెరువుగా ఉన్న యోధాజీవుడనే నాయకుడు భగవానుని దగ్గరికొచ్చి, "మా పెద్దలు ఇలా చెప్తారు, నిజమేనా?" అని అడిగాడు. బుద్ధుడు వెంటనే జవాబు చెప్పలేదు. ఆ సంగతి అడగవద్దన్నాడు. అతడు పట్టువదలక మళ్ళీ మళ్ళీ అడిగాక అప్పుడు చెప్పాడు: ఎదుటివాళ్ళు నశించాలి, చావాలి అనే తలంపుతో పోరాడేవాడి మనసు అప్పటికే దిగజారి ఉంటుంది, ఆ మనసుతో చచ్చినవాడికి స్వర్గం కాదు, దుర్గతే. నాయకుడు ఏడ్చాడు. ఈ జవాబుకి కాదు, ఇన్నాళ్ళూ పెద్దలు తనను మోసం చేశారే అని ఏడ్చాడు.

ఇక్కడ మనకో ప్రశ్న వస్తుంది. సేనాపతి అంటాడు: "నా చేత్తో నేనెవర్నీ చంపలేదు." సైనికుడు అంటాడు: "పైనుంచి చెప్పారు, చేశాను." ఇద్దరూ ఇలా తప్పుకుంటే ఆ శవం ఎవరి ఖాతాలోకి పోవాలి?

1861 నుంచి 1865 దాకా అమెరికాలో జరిగిన అంతర్యుద్ధాన్ని చూద్దాం. ఒకే దేశం, ఒకే భాష, చాలా ఇళ్ళల్లో ఒకే చుట్టరికం. దాదాపు 40 లక్షల మంది నల్లజాతి మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్న దక్షిణ రాష్ట్రాలు విడిపోతామన్నాయి. ఉత్తరాది కుదరదంది. ఆరు లక్షల మందికి పైగా సైనికులు చనిపోయారు. వాళ్ళలో తూటాలకు పోయినవాళ్ళ కంటే రోగాలకు పోయినవాళ్ళే ఎక్కువ.

1864 జూన్ 3న వర్జీనియాలోని కోల్డ్ హార్బర్ దగ్గర తెల్లవారుతుండగా దాడి చెయ్యమని ఉత్తరాది సేనాపతి యులిసిస్ గ్రాంట్ ఆజ్ఞ ఇచ్చాడు. ఎదురుగా రాబర్ట్ లీ సైన్యం కందకాల్లో కూర్చుని ఉంది. సైనికులకు సంగతి అర్థమైంది. పేరు, ఊరు చీటీల మీద రాసి కోటు వెనక గుచ్చుకున్నారని గ్రాంట్ దగ్గర పనిచేసిన ఒక అధికారి తర్వాత రాశాడు. శవం ఎవరిదో ఇంటివాళ్ళకు తెలియాలి కదా! కొద్దిసేపట్లోనే వేలమంది పడిపోయారు.

అంతకంటే ఘోరం ఆ తర్వాత జరిగింది. రెండు కందకాల మధ్య గాయపడ్డవాళ్ళు ఎండలో పడి నీళ్ళకోసం మూలుగుతున్నారు. వాళ్ళను తెచ్చుకోవాలంటే కాల్పులు ఆపాలి. కాల్పులు ఆపమని తెల్లజెండాతో ఎవరు అడగాలి, ఏ మాటల్లో అడగాలి అని ఇద్దరు సేనాపతుల మధ్య ఉత్తరాలు నడిచాయి. తెల్లజెండా ఎత్తితే ఓడినట్టు ఒప్పుకున్నట్టే. చివరికి ఒప్పందం కుదిరేసరికి జూన్ 7 సాయంత్రం అయింది. అప్పటికి ప్రాణాలతో మిగిలినవాళ్ళు చాలా కొద్దిమంది.

ధమ్మంలో దీన్ని 'మానం' అంటారు. నేను పైన, నువ్వు కింద అనే కొలత. దాడికి ఆజ్ఞ ఇవ్వడంలో యుద్ధనీతి ఏదో ఉందనుకుందాం. ఈ నాలుగు రోజుల్లో ఏ నీతి ఉంది? సేనాపతి తుపాకి పట్టకపోయినా అతని చేతన పనిచేస్తూనే ఉంది. చేతనే కమ్మ అని బుద్ధుడు చెప్పింది ఇందుకే. గ్రాంట్ కూడా ముసలితనంలో, గొంతు క్యాన్సర్‌తో పోతూ రాసుకున్న ఆత్మకథలో, కోల్డ్ హార్బర్ చివరి దాడి విషయంలో తనకు ఎప్పుడూ పశ్చాత్తాపమేనని ఒప్పుకున్నాడు. తప్పు ఒప్పుకోవడం కూడా ఒక కమ్మే, మంచి కమ్మ.

మరి సైనికుడి సంగతేంటి? అందరూ ఒకే మనసుతో రాలేదు. ఉత్తరాదిలో 1863 చట్టం ప్రకారం 300 డాలర్లు కట్టగలిగినవాడు ఇంట్లో ఉండిపోవచ్చు. దక్షిణాదిలో 20 మంది బానిసలున్న తోటకి ఒక తెల్లవాడికి మినహాయింపు ఇచ్చారు. ఒక్క బానిస కూడా లేని పేద రైతు మాత్రం కందకంలోకి పోవాలి. 'నీ గౌరవం కోసమే ఈ యుద్ధం' అని చెప్పి అతన్ని పంపారు. యోధాజీవుడు ఏడ్చిన ఏడుపు ఇతను కూడా ఏడవాల్సింది.

ఇంకోవైపు దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు ఉత్తరాది తరఫున నిలబడ్డారు. పట్టుబడితే తమను యుద్ధఖైదీలుగా కూడా చూడరని తెలిసే వచ్చారు. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు, వీళ్ళకు 10, అందులో బట్టలకని 3 కోత. మసాచుసెట్స్ 54వ రెజిమెంట్ వాళ్ళు సమానంగా ఇచ్చేదాకా అసలు జీతమే తీసుకోమన్నారు. నెలల తరబడి తీసుకోలేదు కూడా. తుపాకి చేతిలో ఉండీ, తుపాకి లేకుండా చేసిన పోరాటం అది.

కాబట్టి 'రెండు పక్షాలూ హింసే చేశాయి, రెండూ ఒకటే' అనేస్తే అది ధమ్మం కాదు, బద్ధకం. మనుషుల వ్యాపారం, ఆయుధాల వ్యాపారం, రెండింటినీ బుద్ధుడు చెయ్యకూడని వ్యాపారాల్లో చేర్చాడు. కొరడా రోజూ లేస్తున్న తోటలో యుద్ధం 1861 కంటే ఎంతో ముందే మొదలైంది. మన జోతిరావ్ ఫూలే 1873లో 'గులాంగిరి'ని, బానిసత్వాన్ని తొలగించడానికి త్యాగం చేసిన అమెరికా ప్రజలకే అంకితమిచ్చాడు. సంకెళ్ళ బరువు తెలిసినవాడికి ఆ విలువ తెలుస్తుంది.

అయితే మంచి ఉద్దేశం రక్తాన్ని కడిగేస్తుందా? కడగదు. బుద్ధుడు ఉప్పుగడ్డ ఉపమానం చెప్పాడు. గిన్నెడు నీళ్ళలో వేస్తే తాగలేం, గంగలో వేస్తే తెలియదు. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు, నీళ్ళు పెరిగాయి, అంతే. చంపిన చేతికి ఆ ఉప్పు ఉంటుంది. మిగిలిన బతుకులో మైత్రి, న్యాయం ఎంత పెంచుకున్నాడన్నదే తేడా.

1865 ఏప్రిల్ 9న అపోమాటక్స్‌లో లీ లొంగిపోయాడు. గ్రాంట్ అతని సైనికుల్ని ఇళ్ళకు పొమ్మన్నాడు. వసంతకాలం దుక్కులకు ఉంటాయని గుర్రాల్ని వాళ్ళకే వదిలేశాడు. ఆకలితో ఉన్నవాళ్ళకి తిండి పంపాడు. గెలుపు సంబరంగా ఫిరంగులు పేలుస్తుంటే ఆపమన్నాడు. గెలిచినవాడు గర్వపడితే ఓడినవాడి గుండెలో వైరం నాటుకుంటుందని ధమ్మం చెప్పింది కూడా ఇదే.

కానీ ఒక్కటి మర్చిపోకూడదు. యుద్ధం తర్వాత తెల్లవాళ్ళు తెల్లవాళ్ళతో రాజీపడ్డారు. 1877లో కేంద్ర సైన్యం పక్కకు తప్పుకున్నాక, దక్షిణాది రాష్ట్రాలు నల్లవాళ్ళ ఓటుహక్కును ఒక్కొక్కటిగా లాగేసుకున్నాయి. సైనికుల మధ్య వైరం ఆగింది, అన్యాయం ఆగలేదు. బాధితుణ్ణి బయట నిలబెట్టి చేసుకున్న రాజీని మైత్రి అనలేం.

మిత్రులారా, మనం సేనాపతులం కాకపోవచ్చు. అయినా ఇంట్లో, పనిచేసే చోట, వీధిలో ఎప్పుడో ఒకసారి ఆజ్ఞ ఇస్తాం, ఎప్పుడో ఒకసారి ఆజ్ఞ పాటిస్తాం. గుంపును ఉసిగొలిపేవాడు రాయి విసరడు. రాయి విసిరినవాడు నలుగురూ విసిరారు కదా అంటాడు. కమ్మ ఆస్తి పంపకం లాంటిది కాదు, పదిమంది పంచుకుంటే తలా కొంచెం అవడానికి. ఎవరి చేతన వారికి పూర్తిగా ఉంటుంది.

అందుకే నోరు తెరిచి ఆజ్ఞ ఇచ్చేముందు ఒక్క శ్వాస ఆగి, నా మనసులో ఏముంది అని చూసుకుందాం. చేయి లేపేముందు ఇంకో శ్వాస ఆగుదాం. ఆ ఒక్క శ్వాస దగ్గరే మనిషి మారగలడు.

అందరికీ మంగళం కలుగుగాక.