మన ఇంట్లో సినిమాను ఎవరు ఎంపిక చేస్తున్నారు?

సినిమా చూడటం ధర్మసమ్మతమా కాదా అన్న ప్రశ్న ధర్మపండితుల ముందుకు తరచూ వస్తూనే ఉంటుంది. అసలు చూడనే కూడదన్నవారు ఉన్నారు. అశ్లీలం, షిర్క్ లేకుండా, నమాజుకు ఆటంకం కాకుండా ఉంటే కొంత వెసులుబాటు ఇచ్చినవారూ ఉన్నారు. ఆ చర్చలోకి ఇప్పుడు వెళ్ళడం లేదు. ఎందుకంటే మొదటి అభిప్రాయాన్ని నమ్మే ఇళ్ళలోనూ టీవీ మోగుతూనే ఉంది. రెండో అభిప్రాయాన్ని పట్టుకున్నవారిలో చాలామంది షరతులు మరచిపోయి వెసులుబాటును మాత్రం గుర్తుంచుకున్నారు. కాబట్టి మరో ప్రశ్న వేసుకుందాం. మన ఇంట్లో ఏ సినిమా చూడాలో నిర్ణయిస్తున్నది ఎవరు?

యువకుణ్ణి అడిగితే హీరో పేరు చెబుతాడు. మొదటి రోజే చూడకపోతే స్నేహితుల ముందు తలవంపులట! గృహిణి పక్కింటివాళ్ళు బాగుందన్నారంటుంది. పిల్లలు పాట విని మారాం చేస్తారు. ఇంటి పెద్ద పత్రికలో వసూళ్ళ లెక్క చదివి, ఇంతమంది చూశారంటే ఏదో ఉండే ఉంటుందనుకుంటాడు. ఇక ఫోనులో ఆ మాత్రం ఆలోచనా అక్కర్లేదు. ఒకటి ముగియగానే మరొకటి దానంతటదే మొదలవుతుంది. బండి దగ్గర వంకాయను తిప్పి తిప్పి పుచ్చు ఉందేమోనని చూస్తాం. మాంసం కొట్టులో జబహ్ ఎవరు చేశారని అడుగుతాం. కళ్ళగుండా ఇంట్లోకి వచ్చేదాన్ని మాత్రం ఏమీ అడగం.

దివ్యఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయత్‌లో చెవి, కన్ను, హృదయం అన్నిటి గురించీ విచారణ జరుగుతుందని అల్లాహ్ హెచ్చరించాడు. ఆ ఆయత్ మొదలయ్యేది, నీకు తెలియనిదాని వెంట పడవద్దన్న ఆజ్ఞతో. నలుగురూ వెళుతున్నారని వెళ్ళడం సరిగ్గా అటువంటి పనే కదా!

“దీనికి యు సర్టిఫికెట్ ఉందండీ, కుటుంబ సమేతంగా చూడవచ్చు” అంటారు కొందరు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సెన్సార్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ అది. యు అంటే అందరూ చూడదగినది, ఎ అంటే పెద్దలకు మాత్రమే. ఈ రెంటి మధ్య ఉన్న యుఎ తరగతిని 2023లో చట్టం సవరించి 7, 13, 16 ఏళ్ళ మెట్లుగా విడగొట్టారు. ఇది పనికివచ్చే సమాచారమే. 13 అని రాసి ఉన్నదాన్ని ఎనిమిదేళ్ళ బిడ్డ ముందు పెట్టే తల్లిదండ్రులు కనీసం ఆ అంకెనైనా చూడాలి. కానీ బోర్డు చూసేది దేశ చట్టం ప్రకారం. మద్దతు లేని అమ్మాయి వెంటపడి విసిగించి చివరికి ఆమె మనసు గెలిచాడని చూపడం, కన్నతండ్రిని వెటకారం చేస్తే హాలంతా నవ్వడం, మద్యం గ్లాసు కింద చిన్న అక్షరాల హెచ్చరిక వేసి తాగుడును సరదాగా చూపడం – వీటిని విశ్వాసి దృష్టితో తూచే బాధ్యత బోర్డుది కాదు. అది మనది. సర్టిఫికెట్ హలాల్ ముద్ర కాదు.

అలాగని అశ్లీలం ఒక్కటే కొలబద్ద అనుకోవద్దు. మక్కాలో నజ్ర్ బిన్ హారిస్ అనేవాడు ఉండేవాడు. హీరా పట్టణానికి వెళ్ళి పారశీక రాజుల కథలు, రుస్తుం, ఇస్ఫందియార్‌ల గాథలు నేర్చుకుని వచ్చాడు. దైవప్రవక్త (స) ఉపదేశించి లేవగానే అదే చోట కూర్చుని కథ మొదలుపెట్టేవాడు. నా కథలు ముహమ్మద్ మాటలకన్నా బాగాలేవా అని అడిగేవాడు. లుఖ్మాన్ సూరా 6వ ఆయత్ సందర్భంలో పలువురు వ్యాఖ్యాతలు ఇతణ్ణి ప్రస్తావించారు. అతడు చెప్పినవి వీరగాథలే! కానీ అవి జనాన్ని దేని దగ్గర నుండి లేపి తమవైపు తిప్పుకున్నాయో చూడండి.

ఇక్కడ “మనవాళ్ళ సీరియల్” సంగతి చెప్పక తప్పదు. తుర్కీలో 2014 నుండి 2019 వరకు 5 సీజన్లుగా వచ్చిన ఎర్తుగ్రుల్‌ను 2020 రమజాన్ నుండి పాకిస్తాన్ టీవీ ఉర్దూలో ప్రసారం చేసింది. ఉర్దూ తెలిసిన మన ఇళ్ళలోకీ అది వచ్చింది. బూతు చిత్రంకన్నా మేలు కాదా అంటారు. మేలే. కానీ 150 ఎపిసోడ్లు, ఒక్కొక్కటి సుమారు 2 గంటలు, అంటే దాదాపు 300 గంటలు. పారాకు ఒక గంట అనుకున్నా, ఖుర్ఆన్‌ను 10 సార్లు పూర్తిచేసే సమయం అది! తెర మీద నమాజు చేస్తున్నవారిని చూస్తూ తన ఇషాను వాయిదా వేసుకునేవాడు ఏం సంపాదించుకున్నట్టు?

ఇంటి పెద్ద తన కుటుంబానికి కాపరి అనీ, వారి గురించి అతణ్ణి ప్రశ్నించడం జరుగుతుందనీ దైవప్రవక్త (స) ప్రవచించారు. మన దగ్గర ఈ కాపరితనం తరచూ ఆడవాళ్ళ సీరియల్ కట్టేయడంతోనే ముగుస్తుంది. ఆ తర్వాత అర్ధరాత్రి దుప్పటిలో ఫోను వెలుగుతూ ఉంటుంది. పిల్లలకు తెలియదనుకోకండి. చూపులను అదుపులో ఉంచుకోమన్న ఆజ్ఞ నూర్ సూరాలో ముందు పురుషులకే వచ్చింది, స్త్రీలకు ఆ తర్వాతి ఆయత్‌లో.

కనుక చూడాలని అనుకున్నప్పుడు ముందే కూర్చుని మాట్లాడుకోండి. కథ ఏమిటి, ఎంతసేపు, మధ్యలో ఏ నమాజు వస్తుంది? కూతురు గదిలోకి వస్తే కట్టేయవలసి వస్తుందా? అనుకున్నట్టు లేకపోతే మధ్యలోనే లేచిరండి. అల్లాహ్ ఆయతులను ఎగతాళి చేసే సభలో, వారు మాట మార్చేవరకు కూర్చోవద్దని నిసా సూరా 140వ ఆయత్ ఆదేశిస్తోంది. టికెట్ డబ్బు ఎలాగూ పోయింది, మిగిలిన గంటన్నర ఇంకా మన చేతిలోనే ఉంది.

పిల్లలకు వద్దని చెప్పి ఊరుకుంటే సరిపోదు. పండుగనాడు అబిసీనియా వారు మస్జిదులో ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే దైవప్రవక్త (స) తన దుప్పటితో మరుగు కల్పించి హజ్రత్ ఆయిషా (రజి)కు చూపించారు. ఆమె తనంతట తాను చాలనుకునేవరకు నిలబడ్డారు. చిన్న వయసు అమ్మాయికి ఆటలంటే ఎంత ఇష్టమో మీరే అంచనా వేసుకోండని ఆమె తర్వాత ప్రజలతో అన్నారు. ఈద్ నమాజు ముగిసి షీర్ ఖుర్మా తాగిన మధ్యాహ్నానికే మన కుర్రాళ్ళు టికెట్ కౌంటర్ దగ్గర కనిపిస్తున్నారంటే, ఆ మధ్యాహ్నం కోసం మనం ఏమీ ఏర్పాటు చేయలేదన్నమాట. మహల్లా కమిటీలు ఈద్‌గాహ్ మైదానంలో పరుగు పందెమో, కబడ్డీయో పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అమ్మాయిలకు పరదాతో విడిగా చోటు చూపాలి. కమిటీ సమావేశాల్లో ఆ మాట ఎత్తేవారే ఉండరు.