గండి పూడ్చక నీరు పెట్టుట

ఒకడు చేసిన పనివలన కంటికి కనబడు కీడు ఎవరికిని కలుగనియెడల ఆ పని తప్పగునా, కాదా? ఈ ప్రశ్నను ధర్మశాస్త్రజ్ఞులును తాత్త్వికులును పలువిధముల విమర్శించియున్నారు. మాకు మాత్రము అది గడచిన వేసవిలో, అమలాపురమున మా యింటి వాకిట, పాత కారు బానెట్టు క్రింద ఎదురుపడినది. కారులోని ఏసీకి మా చేతులతో మేమే గ్యాసు ఎక్కించుకొన్న వృత్తాంతమును ధర్మవిచారమునకు పునాదిగా గైకొనుట చూచి చదువరులు నవ్వవచ్చును. నవ్వుదురు గాక. ఎవరును చూడని చిన్న పనులయందే మనుజుని నడవడి బాగుగా తెలియునని మా నమ్మకము.

మా కారు పదునెనిమిదేండ్ల నాటిది. మా తల్లిగారిని నెలకు రెండు పర్యాయములు కాకినాడ ఆసుపత్రికి తీసికొనిపోవలసియున్నందున దానిని ఉంచుకొన్నాము. ఎదుర్లంక వంతెన దాటి, యానాము మీదుగా పోయి వచ్చుటకు ఇంచుమించు 130 కిలోమీటర్లు. కోనసీమ వేసవి యెట్టిదో ఇచటివారికి చెప్పనక్కఱలేదు. రాయలసీమలో ఎండ యింతకంటె తీవ్రము. కాని చుట్టును కాలువలు, కొబ్బరితోటలు, దాపున సముద్రము గల ఈ నేలపై ఉక్క దుర్భరము. గాలియందు తేమ నిండియుండుటచే చెమట ఆఱదు. ఆఱని చెమట దేహమును చల్లబఱుపదు. అట్టి రోహిణి కార్తెలో మా కారు ఏసీ వేడిగాలి కొట్టసాగినది. మెకానిక్కు రెండువేల అయిదువందలు అడిగెను. బజారులో గ్యాసు డబ్బా ఆఱువందలకు దొరకెను. మేము డబ్బాయు, గొట్టమును, మీటరును కొనితెచ్చితిమి.

చదువుకొన్నవాడు పానా పట్టరాదను దురభిమానము మన సంఘమున ఇంకను చావలేదు. "మాస్టారికి ఈ పనేమిటండీ!" అని వీథిలో పోవువారు నిలిచి చూచిరి. మేము సిగ్గుపడలేదు. తన వాహనమును తాను బాగుచేసికొనువాడు తన బావిని తాను పూడిక తీసికొనువాని వంటివాడు, అతడు గౌరవింపదగినవాడే. అయితే మేము నిజముగా సిగ్గుపడవలసిన సంగతి వేఱొకటి కలదని మాకప్పటికి తెలియదు.

ఆ యంత్రము పని చేయు తీరును రెండు మాటలలో చెప్పుదుము. కంప్రెసరు వాయువును ఒత్తును. ఒత్తుడుచే వేడెక్కిన వాయువు కారు ముందుభాగమునందలి జాలివంటి కండెన్సరులో బయటిగాలి తగిలి చల్లారి ద్రవమగును. ఆ ద్రవము సన్నని ద్వారము గుండ దూఱి, ఒత్తిడి తగ్గి, మరల ఆవిరియగుచు కారు లోపలి వేడిని పీల్చుకొనును. మట్టికూజాలోని నీరు చల్లబడుటయు ఈ సూత్రముననే. కాని కూజానుండి పోయిన ఆవిరి మరల రాదు. ఇచట వాయువు మూసిన దారిలో తిరిగినచోటనే తిరుగుచుండును. అది పెట్రోలువలె ఖర్చగు వస్తువు కాదు. ఏండ్ల తరబడి రబ్బరు గొట్టముల గుండ కొంచెముగా ఊఱిపోవుట సహజమే. కాని ఒక్క వేసవిలోనే చల్లదనము పోయినదన్నచో ఎచటనో చిల్లి యున్నదనియే అర్థము. ఈ సంగతి మాకు పుస్తకజ్ఞానముగా తెలియును. తెలిసియు, అక్కఱలేని జ్ఞానమును మరుగుపఱచుట మనుజునికి సులభము గనుక, మరుగుపఱచితిమి.

ఇంజను నడపి, ఏసీని పూర్తిగా త్రిప్పి, తక్కువ ఒత్తిడి గల లావుపాటి గొట్టముపై నున్న మూత తీసి, డబ్బా తగిలించితిమి. కొంతసేపటికి చల్లనిగాలి వచ్చినది. ఆ నాటి ప్రయాణములో మా తల్లిగారు ముమ్మిడివరము దాటకమునుపే నిదురపోయిరి. ఆమె నిదుర చూచి మేము పొందిన తృప్తి యింతింత కాదు. మూడువారములకు చల్లదనము పోయినది. రెండవ డబ్బా తెచ్చితిమి. అదియు నట్లే పోయినది. మూడవ డబ్బా చేతబట్టి వాకిట నిలిచియుండగా, మా వద్దకు పాఠము చెప్పించుకొనుటకు వచ్చిన పదవ తరగతి బాలుడొకడు అడిగెను: "మాస్టారూ, ముందు ఎక్కించిన గ్యాసు ఎక్కడికి పోయిందండీ?"

"గాలిలోకి పోయిందిరా" అంటిమి.

"మరి గాలికేమవుతుందండీ?"

ఆ దినమున మూడవ డబ్బాకు మూత తీయలేదు.

గాలికేమగునో చెప్పుటకు కొంత చరిత్ర చెప్పవలెను. 1928లో అమెరికా దేశమున థామస్ మిడ్జ్‌లీ యను రసాయనజ్ఞుడును అతని సహచరులును శీతలయంత్రములకు తగిన క్రొత్త వాయువు నొకదానిని కనుగొనిరి. అంతకుముందు వాడుచుండిన వాయువులు కొన్ని విషములు, కొన్ని మండునవి. ఈ క్రొత్త వాయువు మండదు, విషము కాదు. 1930లో అతడు దానిని నిండుసభలో తాను పీల్చి, ఆ యూపిరితో వెలుగుచున్న క్రొవ్వొత్తి నార్పి, అది నిరపాయమని చూపెను. చూచినవారందఱు సంతోషించిరి. పీల్చినవానికి అది నిరపాయమే. కాని అది గాలిలో శతాబ్దకాలము నిలిచి, మెల్లమెల్లగా పైకెగసి, సూర్యుని తీక్ష్ణకిరణములనుండి భూమిని కాచు ఓజోను పొరను తినివేయునని 1974లో మోలినా, రోలండ్ అను శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. 1985లో దక్షిణధ్రువముపై ఆ పొర మిక్కిలి పలుచబడినట్లు ప్రకటింపబడినది. 1987లో మాంట్రియల్ నగరమున రాజ్యములు ఒడంబడిక చేసికొన్నవి. 1992లో మన దేశమును అందు చేరినది. ఆ పాత వాయువు క్రమముగా తొలగిపోయి, దాని స్థానమున కారులలో ఆర్ 134 ఏ అను వాయువు వచ్చినది. ఇది ఓజోనును చెఱుపదు. మా డబ్బాలలో నున్నది ఇదియే.

అయితే దీనికి వేఱొక దోషము కలదు. నూఱేండ్ల లెక్కలో చూచినచో ఒక కిలో ఆర్ 134 ఏ భూమిని వేడెక్కించుటలో 1,430 కిలోల బొగ్గుపులుసు వాయువునకు సమానమని 2007 నాటి అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల నివేదిక చెప్పుచున్నది. లెక్కల మాస్టారిని కాకున్నను ఈ లెక్కను ఆ రాత్రి మేమే వేసికొంటిమి. ఒక్కొక్క డబ్బాలో 450 గ్రాములు. రెండు డబ్బాలలో 900 గ్రాములు. దాని ఫలము సుమారు 1,290 కిలోల బొగ్గుపులుసు వాయువు. ఒక లీటరు పెట్రోలు మండినచో పుట్టునది 2.3 కిలోలు. అనగా మేము గాలిలోనికి వదలినది 560 లీటర్ల పెట్రోలు కాల్చుటతో సమానము. మా కారు లీటరుకు 15 కిలోమీటర్లు నడచును. మా తల్లిగారిని రెండున్నరేండ్లపాటు ఆసుపత్రికి త్రిప్పినచో గాని కలుగని కీడును రెండు నెలలలో చప్పుడు లేకుండ చేసితిమి. ఇందులో పొగ లేదు, వాసన లేదు. వాకిట నిలిచి చూచినవారిలో నొక్కడును ముక్కు మూసికొనలేదు.

ఇట పూర్వపక్షములు పెక్కు లేచును. మొదటిది: ఇంత లోకములో మా రెండు డబ్బాలు ఎంత? సముద్రమున కాకిరెట్ట. దీనికి సమాధానము మన ముసలివారు చెప్పు పాలకొలను కథయందే కలదు. ప్రతి యింటినుండియు రాత్రివేళ ఒక చెంబు పాలు కొలనులో పోయవలెనని రాజు ఆజ్ఞాపించెను. ఇన్ని చెంబుల పాలలో నా చెంబెడు నీళ్లు ఎవరికి తెలియునని ఒక్కొక్కడు తలచెను. తెల్లవారి చూడగా కొలనంతయు నీరే. ఆ యూరిలో దొంగ యెవడు? ఎవ్వడును కాదు, అందఱును. ఆంగ్ల తాత్త్వికుడు డెరెక్ పార్ఫిట్ 1984లో ఇట్టి విచారమే చేసెను. ఒక్కని పనివలన కలుగు ఫలము ఎవరికిని తెలియనంత స్వల్పమైనను, పలువురి పనులు కూడి గొప్ప కీడగునపుడు, ఆ యొక్కని పనియు తప్పు కావచ్చునని అతడు వాదించెను. కాకిరెట్టను గూర్చిన సామెతలో కాకి యొక్కటియే యున్నది. కారులు కోట్లకొలది యున్నవి.

రెండవది: మెకానిక్కు షెడ్డులో మాత్రము ఏమి చేయుదురు? మూత నొక్కి, బుస్సున పాత గ్యాసు వదలి, క్రొత్తది ఎక్కించుట మేము చాలచోట్ల చూచినదే. ఇది నిజము. అమెరికాలో ఈ వాయువును కావలెనని గాలిలోనికి వదలుట 1995 నుండి నేరము. ఐరోపా సమాఖ్య దేశములలో శిక్షణ పొందనివారికి దీనిని అమ్మరాదు. అయినను, అందఱును చేయుచున్నారను మాట సాకు కాగలదే కాని సమర్థనము కానేరదు.

మూడవది బలమైనది: సంపన్నదేశములు వందేండ్లు చల్లగా బ్రతికి లోకమును వేడిచేసినవి, ఇపుడు ఉక్కలో కూర్చున్న రోగిష్ఠి ముసలమ్మను త్యాగము చేయుమనుట న్యాయమా? న్యాయము కాదు. 2016లో కిగాలీ నగరమున జరిగిన సవరణలో ఈ భేదమును లోకము అంగీకరించినది. ధనిక దేశములు ముందు తగ్గింపవలెను. మన దేశము 2028లో పెరుగుదల నాపి, 2047 నాటికి నూటికి 85 వంతులు తగ్గింపవలెను. చల్లదనము కోరుట పాపమని మేమనము. రోగికి చల్లనిగాలి మందుతో సమానము. కాని మా రెండు డబ్బాల గ్యాసులో మా తల్లిగారికి చల్లదనముగా నుపయోగపడినదెంత? చిల్లిగుండ పోయినదంతయు ఆమెకు గాని, మఱియెవ్వరికి గాని పనికిరాలేదు. అవసరము చెప్పి వృథాను సమర్థింపరాదు.

మా సిద్ధాంత మింతియే. గ్యాసు ఎక్కించుట తప్పు కాదు, ఇంట ఎక్కించుకొనుట అంతకంటె తప్పు కాదు. కాఱుచున్నదని తెలిసియు కాఱు చోటు వెదకక ఎక్కించుట తప్పు. ఇది మా కోనసీమ రైతునకు ఒకరు నేర్పవలసిన ధర్మము కాదు. బోదెకు గండి పడినచో అతడు మొదట పార పట్టి గండి పూడ్చును. పిమ్మటనే తూము తెఱచును. గండి పూడ్చక నీరు పెట్టువానిని ఊరు నవ్వును, దిగువ చేనువాడు తిట్టును. కాలువ కంటికి కనబడును, దిగువవాడు ఎదుటనే యుండును గనుక ఆ ధర్మము నిలిచినది. గాలికిని దిగువ చేలు కలవు. అచటి వారింకను పుట్టలేదు. పుట్టినను మన పేరు ఎఱుగరు.

కనబడినదానికే భయపడుట మన స్వభావము. 1995 జనవరి 8న పాశర్లపూడి బావినుండి వాయువు ఎగసి మండినపుడు మేము బాలురము. అఱువదియైదు దినములు ఆ మంట ఆఱలేదు. ఊళ్లు ఖాళీయైనవి, రాత్రులు పగళ్లవలె నుండెను. 2014 జూన్ 27న నగరములో గొట్టమునుండి కాఱిన వాయువు తెల్లవాఱుజామున నిప్పంటుకొని ఇరువదిమందికి పైగా ప్రాణములు తీసినది. వాయువు కాఱుట యనగా నేమో మా సీమవారికి తెలిసినట్లు మఱియొకరికి తెలియదు. అయినను మంట లేని కాఱుటను మేము కాఱుటగా నెన్నలేదు. శోకమునుండి నేర్చిన పాఠమును శోకము లేనిచోటికి అన్వయించుకొనుటయే కదా వివేకము!

తరువాత మేము చేసినది చెప్పి ముగింతుము. కీళ్లన్నిటికి సబ్బునురుగు పూసి చూడగా, కండెన్సరు దగ్గఱ నొక కీలునుండి బుడగలు లేచినవి. లోపల మిగిలిన వాయువును గాలిలోనికి వదలక యంత్రముతో పీల్చి పట్టు షెడ్డు రాజమహేంద్రవరమున నొకటి దొరకినది. అచటివారు కీలు విప్పి, ఎండి పగిలిన రబ్బరు ఓ రింగు నొకదానిని తీసి మా చేతిలో పెట్టిరి. దాని వెల పది రూపాయలు. పిమ్మట గొట్టములలోని గాలిని, తేమను లాగివేసి, బానెట్టు క్రింది చీటిపై వ్రాసినంత గ్యాసును తూచి ఎక్కించిరి. మొత్తము మెకానిక్కు మొదట అడిగినదానికంటె ఎక్కువయే అయినది. ఆ పని యగువఱకు రెండు ప్రయాణములు ఏసీ లేకయే చేయవలసివచ్చినది. ఆ సంగతి మా తల్లిగారితో చెప్పుటకు మేము జంకితిమి. ఆమె, "దానికేం నాయనా, తెల్లారకుండా బయల్దేరదాంలే" అనిరి. ఆమె కిష్టమైన మాట అదియో కాదో మాకు తెలియదు. తిరిగి వచ్చునపుడు మధ్యాహ్నపు టెండలో ఆమె ముఖము చూచుట మాకు కష్టమైనది. ధర్మము వెల యెపుడును చేసినవాడే చెల్లింపడు. ఒక్కొక్కప్పుడు అతని యింటివారు చెల్లింతురు. ఈ మాటను దాచుట న్యాయము కాదు.

ఇంట ఈ పని చేయదలచువారికి ఒక మాట. ముందు చిల్లి వెదకుడు. కంటికి అద్దములు, చేతికి తొడుగులు లేక డబ్బా ముట్టకుడు. ఆ ద్రవము తగిలినచోట చర్మము గడ్డకట్టును. ఎక్కువ ఒత్తిడి గల సన్నగొట్టమునకు డబ్బా తగిలింపకుడు, పగులవచ్చును. మోతాదు మించినచో చల్లదనము పెరుగదు, కంప్రెసరు చెడును. మిక్కిలి పాత కారులో పూర్వపు వాయువున్నచో దానిలో దీనిని కలుపకుడు. చిల్లి దొరకనిచో డబ్బా తెఱవకుడు.

మూడవ డబ్బా మా బీరువాలో అట్లే యున్నది. మొన్న ఆ బాలుడు దానిని చూచి, "ఇది ఎక్కించరాండీ?" అని అడిగెను. అక్కఱ లేదంటిమి. ముందు ఎక్కించినది ఎక్కడికి పోయినదని అతడీమాఱు అడుగలేదు. అడిగియుండినచో, ఎక్కడికిని పోలేదని చెప్పియుందుము.