సృష్టికి ముందు కాలముండెనా?



"విశ్వము వ్యాకోచించుటకు ముందు కాలముండెనా? లేనియెడల దేవుడప్పుడేమి చేయుచుండెను?" అని రెడ్డిగూడెములో చదువుకొన్న మన పిల్లలు మమ్మును అడుగుచున్నారు. ఇట్టి ప్రశ్నకు వారిని గద్దింపరాదు.

విశ్వము వ్యాకోచించుచున్నదని 1927లో వ్రాసిన జార్జి లెమేత్రు బెల్జియము దేశపు కతోలిక గురువు. దూరపు నక్షత్ర మండలములు ఎంత దూరముననున్నవో అంత వేగముగా తొలగిపోవుచున్నవని 1929లో అమెరికా శాస్త్రజ్ఞుడు హబుల్ చూపెను. ఆ వ్యాకోచము మొదలై సుమారు 1380 కోట్ల సంవత్సరములైనదని నేటి లెక్క. దానికి ముందేమున్నదో శాస్త్రము ఇంకను తేల్చలేదు. లెమేత్రు తన లెక్కలను ఆదికాండమునకు రుజువుగా చూపలేదు. మనమును చూపరాదు. లెక్క మారినప్పుడెల్ల కదలునట్టి విశ్వాసము మనకేల?

కాలము కూడ సృష్టింపబడినదేయని ఆఫ్రికా బిషప్పగు అగస్టీను 1600 ఏండ్ల క్రిందటనే బోధించెను. అట్లయిన "అప్పుడు" అను మాటకే అక్కడ చోటు లేదు. మామిడిచెట్టు మొలవకమునుపు దాని నీడ ఏ దిక్కున పడెనని అడుగుదుమా?

అయితే కాలమునకు మించిన దేవుడు మన గడియలనెరుగునా? బిడ్డను సమాధి చేసిన తల్లికి ఈ ప్రశ్నయే ముఖ్యము. కాలమును చేసినవాడే క్రీస్తునందు కాలములోనికి దిగివచ్చెననియు, బేతనియలో స్నేహితుని సమాధియొద్ద ఏడ్చెననియు మనము నమ్ముచున్నాము. కనుక ఆ తల్లి దుఃఖపు గడియ ఆయనకు మరుగైనది కాదు.

పిల్లలను అడుగనిత్తము. తెలియనిది తెలియదని చెప్పుదము. నమ్మినదానిని ధైర్యముగా చెప్పుదము. ఆమేన్.